పదిహేడు కలాలు, పదహారు మూతలు

చేత్తో చేసిన కలం అనగానే ఈ కాలం పిల్లలు నెమలీక అనుకుంటారు. నేను చెప్పబోయేది సిరా పోసి రాసే ఫౌంటెన్ పెన్ను సంగతి. ఎబొనైటు కడ్డీని లేతు మీద బిగించి, ఉలితో చెక్కి, లోపల తొలిచి, మర కోసి, నునుపు పట్టి, మనిషి ఒక్కొక్కటిగా చేసిన పెన్ను. అటువంటివి పదిహేడు ప్రస్తుతం మా ఇంట్లో బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి. జువ్వలదిన్నెలో మా తాత ఇల్లు అమ్మకానికి పెట్టారు. పొలం, బీరువా, ఇత్తడి సామాను అన్నీ ఏ తగవూ లేకుండా పంచుకున్నారు గాని, ఈ డబ్బా దగ్గర ఆగిపోయారు. "కథలు రాసేది నువ్వే గదమ్మే, పెన్నుల సంగతి నువ్వే తేల్చు" అని మా పెదనాన్న నా ఒళ్ళో పెట్టేశాడు.

జువ్వలదిన్నె నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. పొట్టి శ్రీరాములుగారి పూర్వీకుల ఊరని చెప్పుకుంటాం. 2024లో చేపల రేవు ప్రారంభమయ్యాక పేపర్లలో పేరు కనిపిస్తోంది. అక్కడి బళ్ళో మా తాత పంతులు. ఆయన చెల్లెల్ని రాజమండ్రిలో ఇచ్చారు. వేసవి సెలవులకు బిట్రగుంటలో రైలెక్కి చెల్లెల్ని చూసిరావడం ఆయనకు ఆనవాయితీ. వెళ్ళేటప్పుడు చీర, వచ్చేటప్పుడు పెన్ను! ఏటా కాదు లెండి, పంతులు జీతం మరి. చేతిలో నాలుగు రూపాయలు మిగిలిన ఏడు మాత్రమే.

రాజమండ్రిలోనే ఎందుకంటే, ఆంధ్రదేశంలో కలానికి పుట్టిల్లు అది. నగలు చేసే విద్య తెలిసిన కోసూరి వెంకటరత్నంగారు 1921లో గాంధీగారిని కలిసి, దేశానికి నేనేం చెయ్యగలనని అడిగారట. గుండుసూది మొదలు కలం దాకా మనం వాడుకునే వస్తువు ఏదైనా మన దేశంలో చెయ్యి అన్నారట మహాత్ముడు. ఆయన కలాన్ని పట్టుకున్నారు. 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. తీరా గాంధీగారికి పంపితే, ఇది నూటికి నూరుపాళ్ళూ స్వదేశీ కాదని ఆయన పుచ్చుకోలేదు. మనలో ఎవరైనా అయితే అలిగి ఊరుకుందుము. రత్నంగారు మళ్ళీ లేతు దగ్గర కూర్చున్నారు. 1935లో, గ్రామ పరిశ్రమల సంఘం నడుపుతున్న కుమారప్పగారి ద్వారా మళ్ళీ పంపారు. ఈసారి ఆ కలంతో రాసి చూశాననీ, బజార్లో దొరికే విదేశీ కలాలకు బదులు వాడుకోవచ్చుననీ వార్ధా నుంచి గాంధీగారి ఉత్తరం వచ్చింది. ఆ రోజుల్లోనే, 1934లో, బెంగాల్లో సులేఖ సిరా పుట్టింది. కలమూ మనదే, సిరా మనదే. ఒక పంతులు దాచి దాచి నాలుగు రూపాయలు దానికి పెట్టాడంటే, ఆ వెనక ఇంత ఉంది.

మా డబ్బాలో ఉన్నవాటిలో రత్నం పెన్నులే ఎక్కువ. గైడరువి మూడు. రెంటికి పేరే కనిపించడం లేదు, అరిగిపోయింది.

ముందుగా చేసిన పని, మూతలన్నీ విడదీసి తుడవడం. ఆ తర్వాత తెలిసింది తమాషా. ఏ మూత ఏ పెన్నుదో గుర్తుపట్టడానికి మధ్యాహ్నమంతా పట్టింది. చూడ్డానికి అన్నీ ఒకే మాదిరి నల్లగా ఉంటాయి. కానీ మర చేత్తో కోసింది కదా, దీని మూత దానికి పట్టదు. ఒకటి సగం తిరిగి ఆగిపోతుంది, ఇంకొకటి జారిపోతుంది. తనది తనకు దొరికినప్పుడు మాత్రం మెత్తగా ఎక్కి కూర్చుంటుంది. సంబంధాలు కుదర్చడంలా ఉందే అని మా ఆడపడుచు ఒకటే నవ్వు. చివరికి పదహారు కుదిరాయి. పదిహేడోదానికి మూతే లేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇంతలో సలహాలు వచ్చిపడ్డాయి. అమెరికాలో ఉన్న మా తమ్ముడు, అద్దాల పెట్టెలో అమర్చి గోడకు తగిలిద్దాం అన్నాడు. బాగానే ఉంటుంది, కానీ ఎబొనైటుకు వెలుతురు పడదు. రబ్బరులో గంధకం బాగా దట్టించి ఉడికిస్తే గట్టిపడేదే ఎబొనైటు. ఎండా తేమా తగిలితే పైన నిగనిగ పోయి ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగుకు తిరుగుతుంది, గంధకం వాసన వేస్తుంది. కిటికీ పక్కన పెన్నుల స్టాండులో తాత పెట్టుకున్న రెండూ అలాగే అయ్యాయి. వేడినీళ్ళతో కడిగినా అంతే. పైగా ఉప్పుగాలి ఊరేమో, స్టీలు క్లిప్పులు తుప్పు పట్టేశాయి. బంగారు పాళీలకు మాత్రం ఏమీ కాలేదు.

పినతండ్రి కొడుకు అమ్మేద్దాం అన్నాడు. తప్పేమీ కాదు, పాతవి కొనేవాళ్ళున్నారు. అతనే ఒకాయన్ని తీసుకొచ్చాడు. ఆయన భూతద్దం పెట్టి పాళీలు చూసి, పన్నెండు పక్కన పెట్టాడు, నాలుగు పరవాలేదన్నాడు. మూత లేనిదాన్ని మాత్రం, "ఇది పనికిరాదమ్మా, పాళీ ఒకవైపు అరిగిపోయింది. పాళీ మార్పిస్తే ఏమన్నా ధర పలకొచ్చు" అన్నాడు.

అది మా అవ్వ పెన్ను.

అవ్వ నెల్లూరు కస్తూరిదేవి విద్యాలయంలో చదువుకుంది. ఆ బడిని పొణకా కనకమ్మగారు 1923లో ఆడపిల్లల కోసం పెట్టారు. పల్లిపాడులో పెన్న ఒడ్డున 1921లో గాంధీగారు ప్రారంభించిన సత్యాగ్రహాశ్రమానికి భూమి ఇచ్చింది కూడా ఆవిడే. ఆ బళ్ళో చదివిన పిల్ల జువ్వలదిన్నెకు కోడలుగా వస్తే, పట్టపుపాలెం ఆడవాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టే మనిషి దొరికింది. మగవాళ్ళు పనులకు దూరం పోయినప్పుడు, మధ్యాహ్నం వంట ముగిశాక, పంచలో చాప మీద కార్డులు రాసేది. "డబ్బు పంపకపోతే పోయావు, పిల్లోడికి జొరం తగ్గిందని మాత్రం రాయమ్మా" అన్న మాటలు కూడా వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసేదట. తన గుట్టు అవ్వ కడుపులోనే ఉంటుందని వాళ్ళకు నమ్మకం. మూత ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. పాళీకి పాత చీర పేలిక చుట్టి, గూట్లో పెట్టుకునేది.

తాత పెన్నులు నిగనిగలాడటానికి కారణం తెలిసిందా? ఆయన వాటితో పెద్దగా రాయలేదు! కొన్నాడు, తుడిచాడు, దాచాడు. బళ్ళో హాజరు పట్టీకి ఒకే పెన్ను వాడేవాడు. ఇంట్లో అరిగేదాకా రాసింది అవ్వ. కొనడానికి వచ్చినాయన దృష్టిలో అదే లోపం. అరుగుదల తగ్గితే ధర పెరుగుతుంది, వాళ్ళ వ్యాపారం అది, ఆయన్ననేం లాభం? కానీ ఆ పాళీ మార్పిస్తే మిగిలేది గొట్టమే కదండీ.

నెల రోజులు ఆలోచించి తేల్చింది ఇదీ. అమ్మడం లేదు. అద్దాల పెట్టె కూడా వద్దు. మనవలూ మునిమనవలూ కలిసి పద్నాలుగు మంది, తలా ఒకటి తీసుకోవాలి. చన్నీళ్ళతో కడిగి, ఫిల్లరుతో సిరా పోసి, నెలకొక ఉత్తరమన్నా రాయాలి. రాయనివాళ్ళు వెనక్కిచ్చెయ్యాలి. పేర్లు చెరిగిన రెండింటినీ ఇంకుతో కాకుండా అలాగే దాచాలని, ఎవరు చేశారో తెలిసినవాళ్ళు ఏనాటికైనా గుర్తుపట్టవచ్చని నా ఆశ. ప్రతిదానితోనూ ఒక కాగితం పోతుంది: ఎక్కడ చేసింది, ఎవరు కొన్నది, ఏ మూత దానిది.

మా తమ్ముడు మొదట గొణిగాడు. "రాసేదానికి ఫోనుంది గదక్కా, ఇంకు బట్టలకంటితే ఎవురు ఉతికేది?" అన్నాడు. నువ్వే ఉతుక్కో అన్నాను. సంక్రాంతికి వస్తున్నాడు, తన వంతు పట్టుకుపోతాడట.

అవ్వ పెన్ను నా దగ్గరే ఉంది. మా అమ్మాయి నా మాట వినకుండా సిరా పోసింది. నిటారుగా పట్టుకుంటే కాగితం మీద గీరుతోంది, రాయడం లేదు. కాస్త ఎడమకు తిప్పి, వాల్చి పట్టుకుంటే రాస్తోంది. కింద చాప మీద కూర్చుని, మోకాలి మీద కార్డు పెట్టుకుని రాస్తే ఇంకా బాగా రాస్తోంది.