అంతర్జాల జాప్యం

ఒక కంప్యూటరు నుండి బయలుదేరిన సమాచారం అంతర్జాలంలోని మరొక కంప్యూటరును చేరడానికి పట్టే కాలాన్ని అంతర్జాల జాప్యం లేదా లేటెన్సీ అంటారు. సాధారణంగా సమాచారం వెళ్ళి, దానికి జవాబు తిరిగి వచ్చేవరకు పట్టే మొత్తం కాలాన్ని లెక్కిస్తారు. దీనిని మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఇంటి ఇంటర్నెట్ కనెక్షను నాణ్యతను నిర్ణయించే ముఖ్యాంశాలలో ఇది ఒకటి.

వేగం, జాప్యం

"సెకనుకు 100 మెగాబిట్లు" వంటి అంకె బ్యాండ్‌విడ్త్‌ను, అనగా ఒక సెకనులో ఎంత సమాచారం పంపవచ్చునో తెలుపుతుంది. అది ఎంతసేపటికి చేరుతుందో తెలుపదు. రహదారిని వెడల్పు చేస్తే ఒకేసారి ఎక్కువ బస్సులు పోవచ్చు గాని, ఊళ్ళ మధ్య దూరం తగ్గదు. పెద్ద ఫైళ్ళను దించుకోవడానికి బ్యాండ్‌విడ్త్ ప్రధానం; వీడియో కాల్స్‌కు, ఆన్‌లైన్ ఆటలకు జాప్యం ప్రధానం. అందువలన ఎక్కువ రుసుము చెల్లించి వేగం పెంచుకున్నప్పటికీ మాటలు తెగిపోవడం ఆగకపోవచ్చు.

కారణాలు

* దూరం: ఆప్టికల్ ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కి.మీ. ప్రయాణిస్తుంది. హైదరాబాదు నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు దూరం 13,000 కి.మీ. పైమాటే కనుక, జవాబు తిరిగి రావడానికి కనీసం 130 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ జాప్యాన్ని ఏ పరికరమూ తగ్గించలేదు.
* వైఫై: గోడలు, పొరుగిళ్ళ రౌటర్లు, మైక్రోవేవ్ ఓవెన్లు 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలకు ఆటంకం కలిగిస్తాయి. చెడిన ప్యాకెట్లను మళ్ళీ పంపవలసి రావడంతో జాప్యం పెరుగుతుంది.
* బఫర్‌బ్లోట్: పంపవలసిన ప్యాకెట్లు మోడెము లేదా రౌటరులోని బఫరులో వరుసలో నిలుస్తాయి. బఫరు అవసరానికి మించి పెద్దదైతే వరుస పొడవవుతుంది. ఉదాహరణకు, 256 కిలోబైట్ల బఫరు నిండితే, సెకనుకు 1 మెగాబిట్ వేగం గల లైనులో అది ఖాళీ కావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. ఇంట్లో ఒకరు ఫోటోలు అప్‌లోడ్ చేస్తున్నప్పుడు మరొకరి కాల్ దెబ్బతినడానికి తరచు ఇదే కారణం.

కొలిచే సాధనాలు

పింగ్ అనే ప్రోగ్రామును 1983 డిసెంబరులో అమెరికాకు చెందిన మైక్ మూస్ రాశాడు. జలాంతర్గాములను గుర్తించే సోనార్ శబ్దాన్ని బట్టి దానికి ఆ పేరు పెట్టాడు. ఇది ఒక ప్యాకెట్టును పంపి, ప్రతిధ్వనివలె జవాబు వచ్చేవరకు పట్టిన కాలాన్ని చూపుతుంది. వాన్ జాకబ్సన్ రూపొందించిన ట్రేస్‌రూట్ దారిలోని రౌటర్లను వరుసగా చూపుతుంది. మధ్యలోని ఒక రౌటరు వద్ద మాత్రమే జాప్యం ఎక్కువగా కనిపించి, తరువాతి వాటి వద్ద తగ్గితే అది లోపం కాదు. అనేక రౌటర్లు ఇటువంటి ప్రశ్నలకు తీరికగా జవాబిస్తాయి.

లోపాన్ని గుర్తించే పద్ధతి

# కంప్యూటరును కేబుల్‌తో రౌటరుకు కలిపి, రౌటరుకే పింగ్ చేయాలి. సాధారణంగా 1 మిల్లీసెకను లోపు వస్తుంది.
# అదే పరీక్షను వైఫై ద్వారా చేయాలి. అంకెలు బాగా ఎగుడుదిగుడుగా ఉంటే లోపం వైఫైలో ఉన్నట్లే.
# మళ్ళీ కేబుల్‌తో కలిపి, ఇంట్లో ఇంకెవరూ నెట్ వాడని సమయంలో బయటి సర్వరుకు పింగ్ చేయాలి. జవాబులు రాకపోతే, లేదా జాప్యం అధికంగా ఉంటే, లోపం లైనులో గాని, సేవాసంస్థ నెట్‌వర్కులో గాని, ఆ సర్వరులో గాని ఉండవచ్చు. వేరొక సర్వరుతోనూ సరిచూడాలి.
# ఒక పెద్ద ఫైలును అప్‌లోడ్ చేస్తూ అదే పింగ్ కొనసాగించాలి. 20 మిల్లీసెకన్లు ఉన్నది వందలలోకి పెరిగితే అది బఫర్‌బ్లోట్.

వేగాన్ని మాత్రమే కొలిచే పరీక్షలలో ఈ చివరి లోపం బయటపడదు. వేళలతో సహా ఈ ఫలితాలను రాసి ఉంచితే, ఫిర్యాదు చేసేటప్పుడు లోపం ఇంటి లోపల లేదని చూపడానికి ఉపయోగపడతాయి.

నివారణ

వైఫై లోపానికి రౌటరును ఇంటి మధ్యకు మార్చడం, 5 గిగాహెర్ట్జ్ వాడడం, లేదా కేబుల్ వేయడం పరిష్కారాలు. బఫర్‌బ్లోట్ సమస్యను 2010లో జిమ్ గెటిస్ తన ఇంటి కనెక్షనులో గమనించి ప్రచారంలోకి తెచ్చాడు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతిని ప్రకటించారు. ఇది వరుస పొడవును కాక, ప్యాకెట్టు వరుసలో నిలిచిన కాలాన్ని గమనించి, అవసరమైతే కొన్నింటిని వదిలివేస్తుంది. దానితో పంపే కంప్యూటరు తన వేగాన్ని తగ్గించుకుంటుంది. ఈ సదుపాయం గల రౌటరులో వేగపరిమితిని లైను అసలు వేగం కంటే కొద్దిగా తక్కువగా అమర్చాలి. కొంత వేగం తగ్గినా, జాప్యం అదుపులో ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* బ్యాండ్‌విడ్త్
* రౌటరు
* వైఫై