అడవి కుందేళ్ల నుంచి పెంపుడు కుందేళ్లకు: మిక్సోమటోసిస్ వ్యాప్తి

1859లో థామస్ ఆస్టిన్ ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో వేట కోసం కుందేళ్లను వదిలాడు. వాటి సంతతి విపరీతంగా పెరిగి పంటలను, పచ్చికను నాశనం చేసింది. వాటిని అదుపు చేయడానికి 1950లో మిక్సోమా వైరస్‌ను ప్రయోగించారు. దోమలు దాన్ని దూరప్రాంతాలకు చేర్చాయి.

1952లో ఫ్రాన్స్‌లో ఆర్మాన్-దెలీల్ అనే వైద్యుడు తన ఎస్టేట్‌లోని కుందేళ్లకు ఇదే వైరస్ ఎక్కించాడు. వ్యాధి ఎస్టేట్ దాటి దేశమంతటా వ్యాపించింది. 1953 నాటికి ఇంగ్లండ్‌లోనూ కనిపించింది. రక్తం పీల్చే కీటకాలకు అడవి కుందేలు, పెంపుడు కుందేలు అనే తేడా లేదని మీరు గమనించాలి. అందువల్ల ఇళ్లలో పెంచే కుందేళ్లు కూడా చనిపోయాయి.

ఐరోపాలో నేడు దీనికి టీకా ఉంది. ఆస్ట్రేలియాలో మాత్రం, టీకాలోని వైరస్ అడవి కుందేళ్లకు సోకి వాటికి రోగనిరోధక శక్తినిస్తుందన్న భయంతో దాన్ని అనుమతించలేదు. అక్కడి యజమానులకు దోమతెరే ప్రధాన రక్షణ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పంటల రక్షణకు తీసుకున్న నిర్ణయం భారం చివరకు ఎవరిపై పడింది?