దాణాలో మందు ఆపినా పోని మొండితనం

కోళ్ల దాణాలోకి యాంటీబయాటిక్ ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? మన పెద్దాపురం నుంచి అనపర్తి దాకా ఎటు చూసినా కోళ్ల ఫారాలే కదా, తెలుసుకోవాల్సిన కథే.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉండేవారు. ఆయన హయాంలోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టాడు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు.

తర్వాత 1949-50లో అదే కంపెనీలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని బీ12 విటమిన్ కోసం కోడిపిల్లలకు పెట్టి చూశారు. అవి అనుకున్నదానికన్నా ఏపుగా పెరిగాయి. పిప్పిలో మిగిలిన కాస్త మందే అందుకు కారణం. ఇంకేముంది, జబ్బు లేకపోయినా దాణాలో రోజూ చిటికెడు మందు కలపడం దేశదేశాల్లో అలవాటైపోయింది.

దాని ఫలితం 1976లో స్టువర్ట్ లెవీ చూపించాడు. మందు కలిపిన దాణా పెట్టిన వారానికే కోళ్ల పేగుల్లోని ఈ-కోలై దాదాపు అంతా ఆ మందుకు లొంగకుండా పోయింది. కొన్ని నెలలకు ఆ ఫారంలో ఉండే మనుషుల పేగుల్లోనూ అలాంటివే కనిపించాయి. పెట్టింది ఒక్క మందే, అవి తట్టుకోవడం నేర్చింది మాత్రం చాలా మందుల్ని!

సరే, మందు ఆపేస్తే పోతుందిగా అంటారా? అమెరికాలోని కెంటకీలో 1972లో ఒక పందుల మందకు మందులన్నీ ఆపేసి, పదేళ్లకు పైగా గమనించారు. టెట్రాసైక్లిన్‌కు లొంగని సూక్ష్మజీవులు తగ్గాయే గాని పోలేదు.

ఎందుకంటే, పక్కింటికి చెంచాడు తోడు ఇచ్చినట్టు ఈ సూక్ష్మజీవులు ఆ విద్యను ఒకదానికొకటి ఇచ్చుకుంటాయి. పైగా రెండు మందుల్ని తట్టుకునే విద్యలు ఒక్కోసారి కొంగుముడి వేసినట్టు కలిసే ఉంటాయి. డెన్మార్క్‌లో 1995లో అవోపార్సిన్ అనే మందు ఆపేశారు. కోళ్లలో మొండితనం తగ్గింది గాని పందుల్లో తగ్గలేదు. 1998లో టైలోసిన్ వాడకం కూడా బాగా తగ్గాకే అక్కడా దిగొచ్చింది. ఒక్కటి వాడుతున్నంతకాలం రెండో విద్యా బతికే ఉందన్నమాట.

ఆసుపత్రిలో ఇంకే మందూ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌ను మన దేశంలో 2019 జూలైలో పశువులకు, కోళ్లకు వాడకుండా నిషేధించారు. మంచి పని. కానీ ఒకసారి నేర్చిన విద్యను మాన్పించడం ఎంత కష్టమో చూశాం కదా, నేర్పకుండా ఉండటమే తేలిక. ఫారం ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా మందు కలపొద్దు. వంటింట్లో మనం పచ్చిమాంసం తాకిన కత్తీ పీటా, చేతులూ సబ్బుతో కడుక్కుని, మాంసం బాగా ఉడికిద్దాం. పిల్లాడికి జలుబు చేసిందని మనంతట మనం యాంటీబయాటిక్ కొనకుండా ఉందాం. మన పిల్లల పేగులూ ఆ సూక్ష్మజీవులకు బడే మరి.