తెర చిరిగిన కథ

లినక్సులో సినిమా చూస్తుంటే, కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా తెర మధ్యలో అడ్డంగా గీత పడటం మనలో చాలామందికి తెలిసిన బాధే. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర విజయవాడ హైవే పక్కన నిలబడి, అడ్డంగా పోయే బస్సుని ఫోన్లో తీసి, ఈ జబ్బున్న సిస్టంలో ప్లే చేసి చూడండి. చక్రాలు ముందు పోతాయి, టాపు వెనక వస్తుంది :) దీన్నే టేరింగు అంటారు. "లినక్సు వాడు" అని మనం ఒప్పించిన మనిషి మొదటి రోజే ఇది చూశాడంటే, సాయంత్రానికి మళ్ళీ విండోసే.

డ్రైవరు బాగాలేదని ఒక్కమాటలో తేల్చేస్తాం గానీ, సంగతి అంతకంటే పాతది. మామూలు మానిటరుకి బొమ్మ సెకనుకి 60 సార్లు, పైనుంచి కిందకి వెళ్తుంది. అంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. అది సగంలో ఉండగా కొత్త ఫ్రేము వచ్చి పడితే పైన పాతది, కింద కొత్తది. 1984లో ఎంఐటీలో పుట్టిన ఎక్స్ విండో సిస్టంకి ఈ గొడవ పట్టలేదు. గీత గియ్యి, అక్షరం రాయి, ఇదీ దాని భాష. "ఈ ఫ్రేము పూర్తయింది, ఇక చూపించు" అనే మాట మూల ప్రోటోకాల్లో లేనే లేదు.

మరి 2000ల మొదట్లో వీడియో బానే ఆడేది కదా? ఆడేది, ఓవర్లే పుణ్యమా అని. వీడియోని డెస్క్‌టాప్‌తో కలపకుండా, కార్డే వేరే పొరలో పెట్టి, సమయం చూసి ఫ్రేము మార్చేది. అప్పట్లో వీడియోకి స్క్రీన్‌షాట్ తీస్తే నీలం డబ్బా వచ్చేది, గుర్తుందా? అదే ఇది.

2004లో కాంపోజిట్ ఎక్స్‌టెన్షన్, 2006లో కంపిజ్ వచ్చాయి. ఘనం తిప్పుతూ మురిసిపోయాం. విండోలన్నీ టెక్స్చర్లయ్యేసరికి ఓవర్లే పనికిరాకుండా పోయింది, దాంతో దాచిపెట్టిన జబ్బు బయటపడింది.

ఆ తర్వాత కథంతా అతుకులే. ఇంటెల్‌కి, ఏఎండీకి టేర్‌ఫ్రీ అని ఓ ఆప్షను. ఎన్విడియాకి ఫోర్స్ కాంపోజిషన్ పైప్‌లైన్ అని ఇంకోటి. రెండు కార్డుల లాప్‌టాపులైతే మరీ ఘోరం, 2016లో ఎక్స్ సర్వర్ 1.19తో ప్రైమ్ సింక్ వచ్చేదాకా దిక్కులేదు. అప్పుడు కూడా ఎన్విడియా డీఆర్ఎం మాడ్యూలుకి మోడ్‌సెట్=1 అని మనమే చెప్పాలి. ప్రోటోకాల్లో లేని మాటని ఒక్కో కంపెనీ ఒక్కో యాసలో పలికిందన్నమాట.

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ వేలాండ్ మొదలుపెట్టి ఆ మాటని పునాదిలోనే పెట్టాడు. అప్లికేషను పూర్తయిన బఫరు ఇస్తుంది, కాంపోజిటరు సమయం చూసి మారుస్తుంది, అంతే. ఫెడోరా 2016లోనే దీన్ని డిఫాల్ట్ చేసింది.

అన్నట్టు, 2022లో వేలాండ్‌కి టేరింగు కావాలని అడిగే ప్రోటోకాల్ కూడా చేర్చారు. గేములాడేవాళ్ళకి ఆ కాస్త ఆలస్యం కన్నా చిరిగిన తెరే నయమట!