ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లలో అధిక పౌనఃపున్య అనలాగ్ ఫిల్టర్ల పరిణామం: చారిత్రక పరిశీలన

కీలక పదాలు: అనలాగ్ ఫిల్టర్, స్విచ్‌డ్ కెపాసిటర్, ట్రాన్స్‌కండక్టర్, స్వయం సర్దుబాటు

1.0 ఉపోద్ఘాతం

సంకేతంలో కావలసిన పౌనఃపున్యాలను నిలిపి, అక్కరలేనివాటిని అణచే వలయమే ఫిల్టర్. 1915లో అమెరికాలో క్యాంప్‌బెల్, జర్మనీలో వాగ్నర్ వేర్వేరుగా రూపొందించిన ఫిల్టర్లకు ఇండక్టర్లు, కెపాసిటర్లు ఆధారం. 1955లో సాలెన్, కీ ఇండక్టర్ స్థానాన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, యాంప్లిఫయర్‌తో భర్తీ చేశారు. అయితే ఈ వలయాలను చిప్‌పైకి తెచ్చినప్పుడు కచ్చితత్వ సమస్య ఎదురైంది. దానికి లభించిన రెండు పరిష్కారాలను, వాటి పరస్పర సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2.0 నిష్పత్తిపై ఆధారపడిన దశ

ఇటువంటి ఫిల్టర్ పౌనఃపున్యాన్ని రెసిస్టర్, కెపాసిటర్ విలువల లబ్ధం నిర్ణయిస్తుంది. తయారీలోనూ ఉష్ణోగ్రతలోనూ వచ్చే తేడాలవల్ల చిప్‌పై ఆ లబ్ధం 30 శాతం వరకు మారవచ్చు. కాని పక్కపక్కనే ఉన్న రెండు కెపాసిటర్లు ఒకే తీరున మారుతాయి కనుక వాటి నిష్పత్తి స్థిరంగా ఉంటుంది. 1977లో బర్క్‌లీకి చెందిన హోస్టిక్కా, బ్రోడర్సన్, గ్రే ప్రకటించిన స్విచ్‌డ్ కెపాసిటర్ ఫిల్టర్లకు ఇదే పునాది. 1 పికోఫారడ్ కెపాసిటర్‌ను 100 కిలోహెర్ట్జ్ క్లాక్‌తో స్విచ్ చేస్తే అది 10 మెగాఓమ్‌ల రెసిస్టర్‌వలె ప్రవర్తిస్తుంది. 3.4 కిలోహెర్ట్జ్ వరకు ఉండే టెలిఫోన్ స్వరానికి ఈ పద్ధతి చక్కగా సరిపోయింది. అయితే క్లాక్ వేగం సంకేతంకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి. ప్రతి స్విచింగ్ దశలోనూ యాంప్లిఫయర్ స్థిరపడాలి. మెగాహెర్ట్జ్ స్థాయిలో ఈ రెండు షరతులూ భారమయ్యాయి.

3.0 సర్దుబాటుపై ఆధారపడిన దశ

అందువల్ల పరిశోధకులు స్విచింగ్ లేని అవిచ్ఛిన్న కాల ఫిల్టర్లవైపు మళ్ళీ దృష్టి సారించారు. వోల్టేజిని కరెంటుగా మార్చే ట్రాన్స్‌కండక్టర్, కెపాసిటర్ కలిసి ఇక్కడ పౌనఃపున్యాన్ని నిర్ణయిస్తాయి. ఇవి భిన్న జాతి భాగాలు. కనుక పాత అనిశ్చితి తిరిగి వచ్చింది. పరిష్కారంగా అదే చిప్‌పై ఒక నమూనా వలయాన్ని ఉంచి, దానిని కచ్చితమైన క్లాక్‌తో పోల్చి సరిచేసి, అదే నియంత్రణ వోల్టేజిని అసలు ఫిల్టర్‌కూ అందించారు. ఖొర్రమాబాదీ, గ్రే 1984లో 500 కిలోహెర్ట్జ్ ఫిల్టర్‌ను ప్రకటించారు. 1992లో నెదర్లాండ్స్ పరిశోధకుడు బ్రామ్ నౌటా 98 మెగాహెర్ట్జ్ వరకు చేరారు. ఆయన ట్రాన్స్‌కండక్టర్‌లో అంతర్గత నోడ్‌లు లేకపోవడమే ఆ వేగానికి కీలకం.

4.0 ముగింపు

రెండవ దశను మొదటిదాని వైఫల్యంగా చూడటం సరికాదు. రెండింటిలోనూ గ్రే పేరు కనిపించడం యాదృచ్ఛికం కాదు. తొలిదశలో కెపాసిటర్ కెపాసిటర్‌ను పోలి ఉంటుందన్న నమ్మకం ఆధారమైతే, మలిదశలో ఫిల్టర్ తన నమూనాను పోలి ఉంటుందన్న నమ్మకం ఆధారమైంది. విడి భాగం విలువకన్నా భాగాల మధ్య పోలికే నమ్మదగినదన్న సూత్రం ఈ చరిత్ర అంతటా కొనసాగిందని చెప్పవచ్చు.