సొరుగులో నవల, దారిలో సినిమా

వచ్చే వారం మా ఊళ్లోని ఒక చిన్న సినిమాహాలులో 'మాస్టర్ – మార్గరీటా' చిత్రం ఒక్క ఆట వేస్తున్నారు. సహోద్యోగితో డ్యూటీ మార్చుకుని టికెట్టు కొనుక్కున్నాను. ఈ నవలను మొదటిసారి చదివి పాతికేళ్లు దాటింది. చూడకముందే సినిమా గురించి రాయడానికి కారణం ఉంది. చూసిన తరువాత నటుల ముఖాలు వచ్చి, ఇన్నేళ్లుగా నా మనసులో ఉన్న ముఖాల స్థానంలో కూర్చుంటాయి. అదీగాక, ఈ నవల వెలుగు చూడడానికీ, తెరకెక్కడానికీ పట్టిన కాలం తనంతట తానే ఒక చరిత్ర. ఆ చరిత్రలో ఒక వైద్యుడి కంటికి ముందుగా ఆనే సంగతులు కొన్ని ఉన్నాయి.

మా తరం తెలుగు పాఠకులకు రష్యన్ సాహిత్యం విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో పరిచయమైంది. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన తెలుగు పుస్తకాలు, ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్ వంటివారి అనువాదాలు, విద్యార్థి జేబుకు అందే ధరలో దొరికేవి. గోర్కీని, టాల్‌స్టాయ్‌ని, చెహోవ్‌ని అలాగే చదువుకున్నాం. ఆ అలమరాల్లో బుల్గాకొవ్ పేరు నాకెన్నడూ తగల్లేదు. ఎందుకు తగల్లేదో, దేశం దాటి వచ్చాక ఒక ఇంగ్లీషు అనువాదం చేతికందినప్పుడు తెలిసింది.

నవల గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. 1930ల నాటి మాస్కో నగరానికి సైతాను ఒక విదేశీ ఆచార్యుడి రూపంలో, మనిషిలా నడిచే నల్లపిల్లితో సహా పరివారాన్ని వెంటబెట్టుకుని దిగుతాడు. అతని పేరు వోలాండ్. దేవుడూ లేడు, దయ్యమూ లేదని అధికారికంగా తేల్చేసిన నగరంలో అతడు అధికారుల, రచయితల, నాటకశాల నిర్వాహకుల దురాశను నడిబజారులో బట్టబయలు చేస్తాడు. ఆ నగరంలోనే మాస్టర్ అనే పేరులేని రచయిత ఒకడుంటాడు. పొంతి పిలాతు మీద అతడు రాసిన నవలను విమర్శకులు వెంటాడి వేటాడగా, దాన్ని పొయ్యిలో వేసి పిచ్చాసుపత్రిలో తలదాచుకుంటాడు. అతణ్ణి తిరిగి దక్కించుకోవడానికి మార్గరీటా సైతానుతో బేరానికి సిద్ధపడుతుంది. మధ్యమధ్య రెండువేల ఏళ్ల నాటి యెరూషలేములో పిలాతు కథ నడుస్తూ ఉంటుంది.

మిఖాయిల్ బుల్గాకొవ్ 1891లో కీవ్ నగరంలో పుట్టాడు. అక్కడే 1916లో వైద్యపట్టా పుచ్చుకుని, స్మొలెన్‌స్క్ ప్రాంతంలోని నికోల్‌స్కొయె అనే మారుమూల పల్లెలో ఒంటరి వైద్యుడిగా పనిచేశాడు. డిఫ్తీరియా రోగికి చికిత్స చేసిన సందర్భంలో ముందుజాగ్రత్తగా తానూ సీరం వేయించుకున్నాడు. దాని దుష్ఫలితాల బాధ తట్టుకోలేక తీసుకున్న మార్ఫిన్ వ్యసనమై పట్టుకుంది. దాని నుంచి బయటపడి, 1920 నాటికి వైద్యం విడిచి రచనను వృత్తిగా తీసుకున్నాడు. అతని పల్లె వైద్యుడి కథలు చదివితే, చదువు ముగిసిన తొలి ఏడాది నైట్ డ్యూటీలో చేతులు వణికిన ప్రతి వైద్యుడికీ తన ముఖం తనకు కనబడుతుంది.

1926లో రహస్య పోలీసులు అతని ఇల్లు సోదాచేసి డైరీలను, 'కుక్క గుండె' రాతప్రతిని పట్టుకుపోయారు. 1928లో మొదలుపెట్టిన ఈ నవల తొలి ప్రతిని 1930 మార్చిలో తన చేతులతోనే తగలబెట్టాడు. ఆ నెలాఖరున ప్రభుత్వానికి ఉత్తరం రాసి, రాయనివ్వండి, లేదా దేశం వదిలి వెళ్లనివ్వండి అని కోరాడు. ఏప్రిల్ 18న స్వయంగా స్టాలిన్ ఫోన్ చేశాడు. మాస్కో ఆర్ట్ థియేటర్‌లో సహాయ దర్శకుడి ఉద్యోగం దొరికింది. అచ్చు మాత్రం దొరకలేదు. నవలను మళ్లీ మొదటినుంచి రాశాడు, అచ్చుకాదని తెలిసే రాశాడు.

1939 ఆగస్టులో, స్టాలిన్ యౌవనం మీద అతను రాసిన నాటకాన్ని పైనుంచే ఆపేశారు. కొద్దివారాలకే చూపు మసకబారసాగింది. రక్తపోటుతో మూత్రపిండాలు గట్టిపడిపోయే నెఫ్రోస్క్లిరోసిస్ అని వైద్యులు తేల్చారు. తండ్రిని 1907లో బలిగొన్నదీ అదే జబ్బు. తానూ వైద్యుడే కనుక, మిగిలిన దారి ఎటు పోతుందో అతనికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. నెదర్లాండ్స్‌లో విల్లెమ్ కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండాన్ని మొదటి రోగికి అమర్చింది 1943లో. రక్తపోటును నమ్మకంగా దించే మాత్రలు వచ్చింది 1950లలో. బుల్గాకొవ్ మాత్రం 1940 మార్చి 10న, నలభై ఎనిమిదో ఏట కన్నుమూశాడు. ఫిబ్రవరి దాకా, చూపు లేని స్థితిలో, భార్య యెలేనా సెర్గేయెవ్నా చదివి వినిపిస్తుంటే సవరణలు చెప్పి రాయించాడు.

2016లో ఇటలీ, ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఆ రాతప్రతి పుటలను పరీక్షించి ఒక పరిశోధనాపత్రం ప్రకటించారు. కాగితాలకు అంటుకున్న చెమట, లాలాజలాల ఆనవాళ్లలో మార్ఫిన్‌ను, మూత్రపిండాల వ్యాధిని సూచించే ప్రొటీన్లను వారు గుర్తించారు. ఆ మార్ఫిన్ చివరి నెలల నొప్పికి వాడిందా, పాత వ్యసనం తిరగబెట్టిందా అన్నది వాదనగా మిగిలింది. నన్ను కదిలించింది ఆ వాదన కాదు. రచయిత తన నవలతో పాటు తన కేస్‌షీటును కూడా, తనకు తెలియకుండానే, అవే కాగితాల మీద వదిలివెళ్లాడన్న సంగతి.

ఆ కాగితాలను యెలేనా సెర్గేయెవ్నా ఇరవయ్యారేళ్లు కాపాడింది. యుద్ధం వచ్చింది, మాస్కో విడిచి వెళ్లవలసి వచ్చింది, ప్రభుత్వాధినేతలు మారారు. ఆమె ప్రతులు టైపుచేస్తూ, తలుపులు తడుతూనే ఉంది. చివరికి 'మొస్క్వా' పత్రిక 1966 నవంబరు, 1967 జనవరి సంచికల్లో నవలను ప్రచురించింది. అప్పటికీ పదో వంతుకు పైగా కత్తిరించే ప్రచురించింది. కోతలు లేని పుస్తకం సోవియట్ దేశంలో 1973లో వచ్చింది. ఆమె 1970లోనే మరణించింది.

సినిమా చరిత్ర ఇక్కడినుంచి మొదలవుతుంది. సొంత దేశంలో వీలుకానిది ముందు బయట జరిగింది. 1972లో పోలండ్ దర్శకుడు ఆంద్జెయ్ వైదా, పశ్చిమ జర్మనీ టెలివిజన్ కోసం పిలాతు కథను మాత్రం తీసుకుని ఆధునిక నగర వీథుల్లో చిత్రించాడు. అదే ఏడు యుగొస్లావియా దర్శకుడు అలెక్సాందర్ పెత్రోవిచ్ మాస్కో కథను ప్రధానంగా తీసుకుని మరో చిత్రం తీశాడు. నవలను రెండుగా చీల్చి చెరిసగం పంచుకున్నట్టయింది. సోవియట్ దేశంలో మాత్రం ఎలెమ్ క్లీమొవ్ దీన్ని తీయాలని ఏళ్ల తరబడి తపించాడు. 1985 నాటి 'కమ్ అండ్ సీ' చూసినవారికి ఆయన ఎంతటివాడో తెలుసు. ఆ చిత్రం తరువాత ఆయన మరొక సినిమా తీయలేదు. 2003లో చనిపోయే నాటికి ఈ కోరిక కోరికగానే మిగిలింది.

సోవియట్ యూనియన్ కూలిపోయాక సెన్సారు అడ్డు తొలగింది. యూరీ కారా 1994లో సినిమా పూర్తిచేశాడు. సంగీతం ఆల్ఫ్రెడ్ ష్నిట్కెది. పిలాతుగా మిఖాయిల్ ఉల్యానొవ్, నల్లపిల్లిగా విక్తర్ పావ్లొవ్ నటించారు. నిర్మాతలకూ దర్శకుడికీ మధ్య తగాదాలు, రచయిత వారసుల హక్కుల వివాదాలు కలిసి సినిమాను డబ్బాల్లోనే ఉంచేశాయి. అది హాళ్లకు వచ్చింది 2011లో, పదిహేడేళ్ల తరువాత. ష్నిట్కె 1998లోనూ, పావ్లొవ్ 2006లోనూ, ఉల్యానొవ్ 2007లోనూ వెళ్లిపోయారు. రష్యాలో ఈ నవలకు శాపం ఉందని చెప్పుకుంటారు. శాపమేమీ అక్కరలేదు. పనిని పదిహేడేళ్లు ఆపితే, ఆ పని చేసినవారిలో కొందరు మిగలరు. ఇది ఆసుపత్రిలో రోజూ చూసే లెక్కే.

మధ్యలో 2005 డిసెంబరులో వ్లదీమిర్ బోర్త్‌కో పది భాగాల టెలివిజన్ ధారావాహిక తీశాడు. 1988లో 'కుక్క గుండె'ను అద్భుతంగా తెరకెక్కించిన దర్శకుడాయన. ధారావాహిక నవలను దాదాపు పేజీ వెంబడి పేజీగా అనుసరించింది. నేను దాన్ని డీవీడీలో శ్రద్ధగా చూశాను. అన్నీ ఉన్నాయి. అయినా పుస్తకంలో పదేపదే నవ్వించి, వెంటనే వెన్ను జలదరింపజేసే ఆ వేగం అందులో నాకు దొరకలేదు. ప్రతి వాక్యాన్నీ గౌరవించడం వేరు, నవలను తెరమీద బతికించడం వేరు అని అప్పుడే అనిపించింది.

ఇప్పుడు రాబోతున్న చిత్రానికి దర్శకుడు మిఖాయిల్ లోక్షిన్. అమెరికాలో పుట్టి, సోవియట్ దేశంలో పెరిగినవాడు. రష్యా ప్రభుత్వ సినిమా నిధి కూడా కొంత పెట్టుబడి పెట్టగా 2021లో చిత్రీకరణ జరిగింది. యూనివర్సల్ సంస్థ పంపిణీ చేయవలసి ఉంది. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద దండయాత్ర మొదలైంది. ఆ సంస్థ రష్యా నుంచి తప్పుకుంది, దర్శకుడు యుద్ధాన్ని బాహాటంగా వ్యతిరేకించాడు, సినిమా మళ్లీ ఆగింది. దాదాపు రెండేళ్ల తరువాత, 2024 జనవరి 25న రష్యాలో విడుదలైంది. వెంటనే ప్రభుత్వ పక్షపాతులు దర్శకుణ్ణి శిక్షించాలని గొంతెత్తారు. ప్రేక్షకులు మాత్రం హాళ్లు నింపారు. రెండు వందల కోట్ల రూబుళ్లకు పైగా వసూలైంది. నిషేధానికి గురైన రచయిత కథను, నిందకు గురైన దర్శకుడు తీయగా, జనం టికెట్టు కొని చూశారన్నమాట. ఇంకో చేదు నిజమూ ఉంది. బుల్గాకొవ్ పుట్టిన కీవ్‌లోనే, అతను యుక్రెయిన్ స్వాతంత్ర్యాన్ని చిన్నచూపు చూశాడంటూ, అతని ఇంటి మ్యూజియాన్ని మూసివేయాలని 2022లో అక్కడి రచయితల సంఘం కోరింది. బాంబులు పడుతున్న నగరంలో పుట్టిన ఆ కోపాన్ని దూరాన కూర్చుని తోసిపుచ్చలేను. నవల మీది ప్రేమనూ వదులుకోలేను.

రాతప్రతి నిప్పుకు లొంగదన్న అర్థంలో వోలాండ్ నోట ఒక మాట పలికిస్తాడు బుల్గాకొవ్. ఎందరికో ధైర్యమిచ్చిన మాట అది. ఒకప్పుడు నేనూ దాన్ని ఊరటగానే చదివాను. ఇప్పుడు ఈ తేదీలన్నీ వరసగా పేర్చుకుంటే వేరుగా వినిపిస్తోంది. రాతప్రతి నిప్పుకు లొంగకపోవడానికి కారణం దాని దగ్గర ఒక మనిషి ఇరవయ్యారేళ్లు కాపలా కూర్చోవడం. మొదట సెన్సారు, తరువాత డబ్బు, ఆ తరువాత యుద్ధం. ఆపే చేతులు మారుతూ వచ్చాయి. ఆపినవారంతా కాలం చేతిలో ఉందనుకున్నారు. రచన ఎలాగోలా తట్టుకుంది. తట్టుకోలేకపోయింది మనుషులు. ఒక పుస్తకం ఆలస్యంగానైనా వచ్చిందని మనం సంతోషించేటప్పుడు, దాన్ని అచ్చులో చూడకుండా పోయినవారిని లెక్కలోంచి తీసివేయకూడదు.

ఈ సినిమాలో మాస్టర్ నాటకం ఆపివేతకు గురైన రచయిత అనీ, వోలాండ్ కథ అతని కలంలోంచే పుడుతుందనీ చదివాను. అంటే బుల్గాకొవ్ జీవితాన్ని నవలలోకి మరింతగా కలిపారు. మంచిదే అనుకుంటున్నాను. వోలాండ్‌గా జర్మన్ నటుడు ఆగస్ట్ డీల్, పిలాతుగా డెన్మార్క్ నటుడు క్లేస్ బాంగ్ చేశారు.

నేను ఎదురుచూస్తున్నది మాత్రం మార్గరీటా ఆకాశంలో ఎగరడం కోసమో, సైతాను విందు కోసమో కాదు. నవల రెండో అధ్యాయంలో పిలాతుకు ఒంటితల నొప్పి ఉంటుంది. గులాబీ అత్తరు వాసన తగిలితేనే కడుపులో తిప్పుతుంది, తల కదిలించలేడు, విషం తాగి చావాలనిపిస్తుంది. మైగ్రేన్‌ను అంత ఖచ్చితంగా రాసిన పుటలు సాహిత్యంలో నేను ఎక్కువ చూడలేదు. ఎదుట చేతులు కట్టి నిలబెట్టిన ఖైదీ ఆ నొప్పిని కనిపెట్టి, అది ఇప్పుడే తగ్గుతుందంటాడు. తగ్గుతుంది. అధికారికి ఖైదీ వైద్యుడవుతాడు. అయినా ఆ అధికారి, భయం వల్ల, అతని మరణశిక్షపై సంతకం పెడతాడు. పిరికితనం గురించి బుల్గాకొవ్ చెప్పదలచుకున్నదంతా ఆ గదిలోనే ఉంది. ఆ నొప్పి తగ్గిన క్షణాన పిలాతు ముఖం ఎలా ఉంటుందో చూడాలి. దాని కోసమే టికెట్టు కొన్నాను.