విల్లు కాబోయి వీలైన మాట

మిల్ మిల్లయింది, బిల్ బిల్లయింది. ఆ లెక్కన ఇంగ్లీషు విల్ మన నోట విల్లు కావాలి. పూర్తిగా కాలేదు. విల్లు అప్పటికే రాముడి చేతిలో ఉంది మరి. తాతగారు విల్లు పట్టుకొచ్చారంటే సబ్‌రిజిస్ట్రారు బల్ల కింద దూరడూ! అందుకని కాబోలు, అచ్చును సాగదీసి వీలు చేశాం. వెనకాల పారసీక నామాను తగిలించాం. తల ఇంగ్లీషు, తోక పారసీకం, దీర్ఘం మాత్రం మనది.

నామా అంటే పారసీకంలో ఉత్తరం, పత్రం, గ్రంథం. అక్బర్‌నామా గ్రంథం, వకాల్తానామా కోర్టు కాగితం. ఉత్తరం తలమీద రాసేది సర్‌నామా. ఆ సర్ మన శిరస్సుకు జ్ఞాతి. దాన్ని మనవాళ్లు చిరునామా చేసి, తలను కాస్తా చిన్నది చేశారు. అన్నిటికన్నా విచిత్రం రాజీనామాది. రాజీ అంటే సమ్మతి. పాత కోర్టు భాషలో రాజీనామా ఇరుపక్షాల ఒప్పందపత్రం. ఆఫీసుకొచ్చేసరికి ఉద్యోగం వదులుకునే కాగితమైంది. ఒప్పుకోలు వదులుకోలుగా మారడం ఉద్యోగాలకే పరిమితం కాదని డెబ్భై దాటినవాళ్లకు తెలుసు.

వీలునామాకు మరణశాసనమని గంభీరమైన పేరు ఇంకొకటి ఉంది. పత్రికల పుణ్యమా అని దాని అర్థం తలకిందులైంది. 'రైతులకు మరణశాసనం' అని శీర్షిక పెడితే ఆస్తి పంపకమని ఎవరూ అనుకోరు. చచ్చేవాడు రాసేది కాస్తా చంపేవాడు రాసేదైంది!

ఇంతకీ నేను తవ్వబోయింది ఆస్తి గొడవ కాదు. 1969లో లూయిస్ కట్నర్ అనే అమెరికా న్యాయవాది 'లివింగ్ విల్' అనే ఆలోచనను ఒక న్యాయ పత్రికలో ప్రతిపాదించాడు. ఆస్తి వీలునామా మనిషి పోయాక నోరు విప్పుతుంది. ఇది మనిషి ఉండగానే, నోరు పెగలని రోజున అతని తరఫున మాట్లాడుతుంది. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటరు పెట్టాలా వద్దా, గొట్టంతో ఆహారం ఎక్కించాలా వద్దా, నా బదులు ఎవరు చెప్పాలి అన్నవి అందులో రాసుకుంటారు. మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న, కామన్ కాజ్ కేసులో దీన్ని ఆమోదించింది. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. మంచం దిగలేని ముసలమ్మ కోర్టు మెట్లెక్కేదెలా? 2023 జనవరిలో ఆ ముడి సడలించారు. ఇద్దరు సాక్షులు, నోటరీయో గెజిటెడ్ అధికారో ఉంటే చాలు. ఆ రోజు వచ్చినప్పుడు రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలన్న నియమం మాత్రం ఉంది. కాగితం చూపించగానే ఎవరూ గొట్టాలు పీకెయ్యరు.

విల్ వేళ్లు ఇంకాస్త లోతుగా తవ్వితే మన పెరట్లోనే తేలతాయి. కోరుకోవడం, ఎంచుకోవడం అనే అర్థమున్న ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి అటు విల్, ఇటు సంస్కృతంలో వృణోతి వచ్చాయంటారు భాషావేత్తలు. ఆ కుదురులోవే వరించడం, వరుడు, స్వయంవరం, వరం. అంటే విల్, వరం దూరపు చుట్టాలు.

వరమనగానే భీష్ముడు. తండ్రి ఇచ్చింది స్వచ్ఛంద మరణం. అందరికీ అంపశయ్య, ఉత్తరాయణం గుర్తుంటాయి. భీష్మపర్వంలో అంతకన్నా ఆసక్తికరమైన ఘట్టం మరొకటి ఉంది. బాణాలు తీయడానికి శల్యవైద్యులు వస్తారు. భీష్ముడు వాళ్లకు సత్కారం చేసి పంపించెయ్యమని దుర్యోధనుడితో అంటాడు, ఇక వైద్యంతో తనకు పనిలేదంటాడు. వాలిన తలకు పట్టుదిండ్లు తెస్తే వద్దని, అర్జునుడి చేత బాణాలతోనే దిండు వేయించుకుంటాడు. ఏ వైద్యం వద్దో, ఏ ఉపచారం కావాలో, ఎవరి చేత కావాలో అన్నీ నోటితోనే చెప్పాడు. నోటరీ అక్కర్లేకపోయింది, మాట పడిపోలేదు గనక.

మన ఇళ్లలో అలా కాదు. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో, ఇక్కడ ఇద్దరే. అర్ధరాత్రి 108 వచ్చేసరికి కాగితం బీరువాలో, తాళంచెవి ఆవిడ కొంగున. అందుకే నకళ్లు మనం నమ్మి అందులో పేరు రాసినవాళ్లకూ, ఇంటి డాక్టరుకూ ఇచ్చి, పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో ఒకటి దాఖలు చెయ్యమంది సుప్రీంకోర్టు. ఈ కాగితానికి తెలుగు పేరు ఇంకా కుదురుకోలేదు. 'జీవన వీలునామా' అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంది. నేనైతే 'వైద్య వీలునామా' అంటాను. ఒంట్లో వీలున్నప్పుడే రాసుకోవాలన్న హెచ్చరిక అందులోనే ఉంది.

పేరు లేకపోయినా, విషయానికి మనవాళ్ల దగ్గర ఒక వాక్యం ఎప్పట్నుంచో ఉంది: "రేపు నాకేమన్నా అయితే..." తథాస్తు దేవతలు వింటారని చావును 'ఏమన్నా' వెనక దాచిన వాక్యమది. నూటికి తొంభై ఇళ్లలో అది అక్కడే తెగిపోతుంది, "ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా" అని మనమే అడ్డుపడతాం గనక. ఈసారి ఆయన మొదలుపెడితే అడ్డు రాకండి. పూర్తిగా చెప్పనివ్వండి, వీలైతే అప్పుడే రాసి పెట్టండి.